ఓపెన్‌కాస్టు పక్కన ఏడుగురు, వాళ్ళ మీద కట్టిన నూటికి నూరు

మా బడి చివరి పదో తరగతి గురించి గోదావరిఖనిలో ఒక కథ చెప్పుకుంటారు. పక్కనే నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టు బొగ్గు గని, రోజూ బ్లాస్టింగు, పైకప్పు నుంచి పెచ్చులు రాలుతుంటాయి. కాలనీ ఖాళీ అయిపోతోంది. క్లాసులో మిగిలింది ఏడుగురు. అయినా సార్లూ మేడములూ పట్టు వదల్లేదు, సొంత పిల్లల్లా చూసుకున్నారు, ఏడుగురూ పాసయ్యారు. నూటికి నూరు. చప్పట్లు.

ఆ కథలో పెచ్చులు రాలిన మాట ఒక్కటే నిఖార్సయిన నిజం. మిగతాదంతా శాలువాలు కప్పించుకోవడానికి తయారైన సరుకు. ఆ ఏడుగురికీ ఆరో తరగతి నుంచి పది దాకా లెక్కలు చెప్పింది నేను. కాబట్టి ఈ కథ విన్నప్పుడల్లా ఒళ్ళు మండే హక్కు నాకుంది. కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరిన పిల్లలు ఈ మధ్య ఇంటికి వచ్చి, "మేడం, మీ అనుభవం చెప్పండి, ఇన్‌స్పిరేషన్‌గా ఉంటది" అంటున్నారు. ఇన్‌స్పిరేషన్ కావాలంటే వేరే ఇంటి తలుపు కొట్టండి. నా దగ్గరున్నది ఒక క్లాసు. అది ఎట్లా మొదలైందో, ఎట్లా ముగిసిందో చెప్తాను. నేను సర్వీసు మిగిలి ఉండగానే మానేశాను. ఎందుకని అడిగినవాళ్ళకు మోకాళ్ళ నొప్పులని చెప్తాను. నా మోకాళ్ళకు ఏమీ కాలేదు.

ఏడుగురు ఎట్లా మిగిలారు

వాళ్ళు ఆరో తరగతిలో చేరినప్పుడు గది నిండా పిల్లలే. బడి చుట్టూ కంపెనీ క్వార్టర్లు, వరసలు వరసలుగా. ఓపెన్‌కాస్టు పెరుగుతూ మా వైపు వస్తోందనీ, క్వార్టర్లు ఖాళీ చేయాలనీ నోటీసులు అంటించారు. ఒక్కో వరస కూలుతున్నకొద్దీ నా క్లాసులో ఒక్కో బెంచీ ఖాళీ అయ్యేది. చేతిలో కాస్త ఉన్నవాళ్ళు పిల్లల్ని పసుపు బస్సులెక్కించి ప్రైవేటు బడులకు పంపారు. కొందరు గోదావరి దాటి మంచిర్యాల వెళ్ళిపోయారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఏడుగురు తేలారు.

వీళ్ళు చదువు మీద ప్రేమతో మిగిలారని మా హెడ్‌మాస్టరు సభల్లో చెప్పేవాడు. ఎక్కడి ప్రేమ? వాళ్ళుండే వరసను అందరికంటే ఆఖరున కూల్చాలని కంపెనీ మ్యాపులో గీత ఉంది. అంతకు మించి ఏమీ లేదు.

ఆ ఏడుగురిలో మమత ఒకతి. తండ్రి గనిలో యూనియన్ నాయకుడు. ఆ పిల్లకు నోరు లేకపోతే క్లాసులో నాకు సగం పని తగ్గేది. ఆఫ్రీన్ చౌరస్తాలో బండ్లు బాగుచేసే మెకానిక్ కూతురు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేది, బడిలో తెలుగు మాట్లాడేది, లెక్కలు మాత్రం ఏ భాషా అడ్డం రాకుండా చేసేది. శ్రవణ్ కొమురయ్య కొడుకు. కొమురయ్య భూగర్భ గనిలో పనిచేసేవాడు. మిగతా నలుగురూ మంచి పిల్లలు, వాళ్ళ గురించి రాయడానికి ఏమీ లేదు. బడిలో అంతకన్నా మెచ్చుకోలు ఇంకొకటి ఉండదు.

నాన్న షిఫ్టే టైంటేబుల్

బీఎడ్‌లో పిల్లల మనస్తత్వం మీద లావుపాటి పుస్తకం చదివించారు. పిల్లవాడి తండ్రి ఈ వారం ఏ షిఫ్టులో ఉన్నాడో అడగమని అందులో ఎక్కడా లేదు. ఈ బొగ్గు బెల్టులో అది తెలియకుండా మీరు ఒక్క పాఠం కూడా చెప్పలేరు.

గనిలో మూడు షిఫ్టులు, వారం వారం మారుతుంటాయి. తండ్రి రాత్రి షిఫ్టులో ఉంటే పగలంతా ఇంట్లో పడుకుంటాడు. క్వార్టరంటే ఒకటిన్నర గది. గిన్నె చప్పుడైనా తన్నులు పడతాయి. అందుకని ఆ వారం పిల్లలు గేటు తీయకముందే బడి దగ్గర ఉంటారు, సాయంత్రం తోలినా పోరు. అదే తండ్రి రెండో షిఫ్టులో ఉంటే పొద్దున ఇంట్లో మెలకువగా ఉంటాడు. కంట్రోలు బియ్యం, గ్యాసు బండ, చెల్లెలి జ్వరం, అన్నీ ఆ పిల్లవాడి నెత్తి మీదికి వస్తాయి. ఆ వారం వాడు రెండో పీరియడుకు వచ్చి బెంచీ మీద కునుకుతాడు. ఈ సంగతి పట్టకుండా "నీకు చదువు మీద శ్రద్ధ లేదురా" అని తిట్టే సార్లను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో ఇద్దరు ఉత్తమ ఉపాధ్యాయులు కూడా.

నేను ఎవరి స్లిప్ టెస్టు వాళ్ళ నాన్న రాత్రి షిఫ్టు వారంలో పెట్టేదాన్ని. ఏడుగురే కాబట్టి కుదిరింది. మా హెడ్‌మాస్టరుకు, అంటే పిల్లలు పెద్దసారు అనేవారే ఆయనకు, ఇది నచ్చలేదు. ఆయన మంచిర్యాల నుంచి రోజూ వచ్చిపోయే మనిషి. మాట నెమ్మది, ఇస్త్రీ చొక్కా నలిగేది కాదు.

"ఒక్క క్లాసుకు ఒకటే టెస్టు మూడు మూడు సార్లు పెడ్తరా మేడం? పేపర్ లీకయితది."

"కానీయుండ్రి సార్. లీకైన పేపర్ చూసైనా ఇద్దరు లెక్క నేర్చుకుంటే మంచిదే గద."

ఆయన నవ్వి ఊరుకున్నాడు. నవ్వి ఊరుకునేవాళ్ళతో జాగ్రత్తగా ఉండండి. అరిచేవాళ్ళు ఆ పూటకే అరుస్తారు.

తనిఖీకి వచ్చిన సారు

ఎనిమిదో తరగతిలో ఉండగా పైనుంచి ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. పిల్లలు తక్కువ ఉన్నారు కాబట్టి ఆటపాటలతో బోధించవచ్చు కదా అని నాకు పావుగంట చెప్పాడు. ఇంతలో ఓపెన్‌కాస్టు సైరన్ మోగింది. పిల్లలు పుస్తకాలు మూసి, వాటి మీద రెండు చేతులూ బోర్లించి, తలలు వంచి కూర్చున్నారు.

"ఏందమ్మా ఇది, ప్రార్థనా?" అన్నాడాయన ముచ్చటపడి.

"గాదు సార్," అంది మమత, "పెచ్చులు వడ్తయ్."

నేల అదిరింది. కిటికీలు గలగలమన్నాయి. తలెత్తి చూస్తే అధికారి కుర్చీలో లేడు, తలుపవతల ఉన్నాడు. చొక్కా మీద సున్నం పడింది.

"అయిపోయింది సార్, రాండ్రి," అని పిలిచింది మమత. "మల్ల రేపు ఇదే టైముకు."

ఆయన లోపలికి రాలేదు. పోతూ పోతూ, పిల్లలు చురుకుగా ఉన్నారనీ నా బోధనలో ఉత్సాహం పెరగాలనీ రాసిపోయాడు. పైకప్పు సంగతి ఒక్క ముక్క రాయలేదు. ఉద్యోగంలో మీకు ఇట్లాంటివాళ్ళు సంవత్సరానికొకరు తగులుతారు. టీ ఇప్పించి పంపేయండి. వాళ్ళు రాసింది చదివి రాత్రి నిద్ర పాడుచేసుకోవద్దు.

శ్రవణ్ భాగహారం

శ్రవణ్ ఆరో తరగతికి వచ్చేసరికి వాడికి భాగహారం రాదు. ఐదో తరగతి టీచరు నాలుగో తరగతి టీచరుదే తప్పంటుంది, ఆమె మూడో తరగతి వాళ్ళ మీదికి తోస్తుంది. ఎవరినీ ఫెయిల్ చేయకూడదన్న నియమం అడ్డం పెట్టుకుని, రాని పిల్లవాడికి నేర్పే పని కూడా మానేశారు. పై తరగతికి పంపడం ఎంత సులువో చూశాక నేర్పడమెందుకు?

నేను చేసిన మొదటి ఏర్పాటు, వాణ్ణి ఆఫ్రీన్ పక్కన కూర్చోబెట్టడం. తెలివైన పిల్ల పక్కన ఉంటే నేర్చుకుంటాడని శిక్షణ తరగతుల్లో చెప్తారు. నెల తిరిగేసరికి వాడి హోంవర్కులో ఒక్క తప్పు లేదు. బోర్డు దగ్గరికి పిలిస్తే మాత్రం సుద్దముక్క పట్టుకుని నిలబడేవాడు. ఆఫ్రీన్‌ని పిలిచి అడిగాను.

"నేర్పమన్న గద వానికి? చేసి పెడ్తున్నవేంది?"

"నేర్పితె మస్తు టైం వడ్తది మేడం. చేసి పెడితె జల్ది అయిపోతది."

మా శాఖ ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న సూత్రం అదే కాబట్టి ఆ పిల్లను ఏమనను? ఇద్దరినీ విడదీశాను. మధ్యాహ్నం భోజనాల తర్వాత, సైరన్ మోగేలోపు, వాణ్ణి నా టేబులు దగ్గర కూర్చోబెట్టుకున్నాను. భాగహారం రావడానికి వాడికి ఏడో తరగతి అంతా పట్టింది. భిన్నాలకు ఎనిమిది పట్టింది. కానీ ఒకసారి వచ్చింది మళ్ళీ పోలేదు. స్టాఫ్‌రూములో వాణ్ణి మొద్దు అనేవాళ్ళు. వాడు నిదానం. మొద్దుకూ నిదానానికీ తేడా తెలియనివాళ్ళు బ్యాంకులో చేరండి, బడి జోలికి రావద్దు.

"వానికీ మంచిదే, మనకూ మంచిదే"

పదో తరగతి బడి తెరిచిన వారం. ఇంకా వాన చుక్క పడలేదు. మా బడిని మరుసటి ఏడు వేరే బడిలో కలిపేస్తారని తెలిసిపోయింది. పెద్దసారుకు ఒక కోరిక పుట్టింది, చివరి బ్యాచి నూటికి నూరు రావాలని. దాన్ని తీర్చుకోవడానికి రెండు దార్లున్నాయి. ఏడుగురికీ చదువు చెప్పడం ఒకటి. పాసవడేమో అనిపించినవాణ్ణి జాబితాలోంచి తప్పించి, దూరవిద్యలో పరీక్ష కట్టించడం రెండోది. ఈ రెండో దారి మన జిల్లాల్లో ఎన్ని బడులు తొక్కుతున్నాయో మీరు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే చూస్తారు. దీనికి ఒక ముద్దుపేరు కూడా ఉంది, 'ఓపెన్‌లో కట్టించడం'.

కొమురయ్యను పిలిపించాడు. నేను కూడా ఆ గదిలోనే ఉన్నాను.

"కూసో కొమురయ్య. నీ కొడుకు మంచోడే. కని పది పాస్‌గాడు. కాయిదం మీద రాసియ్యుమన్న రాసిస్త. గందుకె ఓపెన్ల కట్టిపిద్దాం. వానికీ మంచిదే, మనకూ మంచిదే."

"ఓపెన్లనా?" అన్నాడు కొమురయ్య. "ఓపెన్‌కాస్టు మా ఇల్లు మింగవట్టె, ఇగ పొలగాన్ని గూడ ఓపెన్లనె ఏసుడా సార్?"

పెద్దసారు నవ్వాడు. నేను నవ్వలేదు.

"పరీక్షలకు ఇంకా బోలెడు టైమున్నది సార్. ఇప్పుడే పాస్‌గాడని ఎట్ల చెప్తరు?"

"మీరు లెక్కల మేడం. ఏడుగుర్ల ఒకడు తప్పితె శాతం ఎంత పడ్తదో మీకు నేను చెప్పాల్నా?"

"పిల్లల్ని తీసేసి శాతం పెంచే చాప్టర్ నేను చదువుకున్న లెక్కల్లో లేదు సార్."

కొమురయ్యే అడ్డం వచ్చాడు. "మా పొలగాని కోసం మీరెందుకు లొల్లి వెట్టుకుంటరు మేడం? నాది అన్‌ఫిట్ అయితె నా కొలువు వానికే అత్తది. పదితోని పనేంది?"

బయటివాళ్ళకు ఇది చెప్పాలి. ఇక్కడ గనిలో పనిచేసే మనిషి జబ్బు వల్ల ఇక పనికి పనికిరాడని మెడికల్ బోర్డు తేలిస్తే, ఆ ఇంట్లో ఒకరికి కొలువు దొరుకుతుంది. దాన్ని అన్‌ఫిట్ అంటారు. పెళ్ళి చూపుల్లో కూడా అడుగుతారు, "మీ నాయినది అన్‌ఫిట్ అయిందా?" అని. అయిందంటే అందరి మొహాలూ వెలుగుతాయి. తండ్రి ఒంట్లో బాగాలేదన్న వార్తకు స్వీట్లు పంచే ఊరు ఇంకెక్కడైనా ఉందేమో నాకు తెలియదు.

"నీకేమైంది అన్‌ఫిట్ కావడానికి? గుండు లెక్క ఉన్నవు," అన్నాను.

"షుగరున్నది గద మేడం," అని నవ్వుతూ లేచాడు. "ఇప్పటి సంది బోర్డు సుట్టు తిరిగితె, వానికి పద్దెనిమిది నిండెవరకు అయితది."

హాస్యమాడుతున్నాడనుకున్నాను.

వరండాలో ఆరుగురు

శ్రవణ్ రోజూ బడికి వస్తూనే ఉన్నాడు. తండ్రి వాడికి ఏం చెప్పాడో, పెద్దసారు ఏం చెప్పాడో గాని, తనను తప్పించారన్న సంగతి వాడికి తెలియదు. పరీక్ష ఫీజులు కట్టే రోజులు వచ్చాయి. ఆరుగురిని పిలిచారు, వాణ్ణి పిలవలేదు. మమత ఆఫీసుగదిలోకి వెళ్ళి కారణం అడిగి వచ్చింది. ఆ తర్వాతి పీరియడు నేను క్లాసుకు వెళ్తే శ్రవణ్ ఒక్కడే కూర్చుని నోట్సు రాసుకుంటున్నాడు. ఆరుగురూ వరండాలో గోడకానుకుని కూర్చున్నారు. ఎవరి కోసం సమ్మె జరుగుతోందో వాడు తప్ప అందరూ సమ్మెలో ఉన్నారు.

పెద్దసారు పరుగున వచ్చాడు. "ఏంది లొల్లి? క్లాసులకు నడువుండ్రి."

"శ్రవణ్ గాడు రాయకపోతె మేం గూడ రాయం సార్," అంది మమత.

"నీకేం సంబంధమే?"

"బాయిల ఒక్కలకు ఏమన్నయితె ఆ పూట ఎవ్వలు దిగరు గద సార్. మాది గూడ గంతే."

బాయి అంటే ఇక్కడ గని. గనిలో ఎవరైనా చనిపోతే ఆ షిఫ్టువాళ్ళు పని ముట్టుకోకుండా ఇళ్ళకు వెళ్ళిపోతారు. ఆ పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్నది అదే. ఎవరూ నేర్పలేదు, నేనైతే అసలే నేర్పలేదు. ఆ తర్వాత నేనే ఎగదోశానని పెద్దసారు అందరికీ చెప్పాడు. అంత తెలివి నాకు లేనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

"ఇది బాయి గాదు, బడి," అని అరిచాడాయన. ఆయన అరవడం అదే మొదటిసారి. "ఆఫ్రీన్, నువ్వు ఫస్టొచ్చే పిల్లవు. నువ్వు గూడనా?"

"నాకు గూడ రాయబుద్ధి గాలె సార్," అంది ఆఫ్రీన్, చున్నీ కొస మెలిపెడుతూ.

బిడ్డను మందలించమని పెద్దసారు మమత తండ్రికి ఫోను చేశాడు. ఆయన డ్యూటీ దిగి, మొహాన బొగ్గు మసితో అట్లాగే వచ్చాడు. పిల్లల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. ఇరవై ఏళ్ళుగా సమ్మెలు చేయించినవాడు, సమ్మె తప్పని ఏ మొహంతో చెప్తాడు? "డిమాండ్ ఏంది బిడ్డ?" అని అడిగాడు.

"ఒక్కటే డిమాండ్ నాయిన."

"ఒక్కటే అయితె ఇయ్యుండ్రి సార్," అన్నాడు పెద్దసారుతో. "మా మేనేజ్‌మెంటుకు మేం పద్దెనిమిది వెడ్తం."

ఏడుగురిలో ఒకడు తప్పితే పేపరువాళ్ళు పట్టించుకోరు. ఏడుగురూ పరీక్ష రాయకపోతే మొదటి పేజీలో వేస్తారు. పెద్దసారు నిజంగా చేసిన లెక్క అదొక్కటే. సాయంత్రానికి శ్రవణ్ ఫీజు కూడా కట్టేశారు. కొన్నాళ్ళకు ఇదే సంగతి సభలో "పిల్లల ఐకమత్యం చూసి నేను కరిగిపోయాను" అయింది.

గోళీలు

మరునాడు భోజనాల తర్వాత శ్రవణ్ నా టేబులు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. పుస్తకం తెరవలేదు.

"మేడం, నేను పాసైత్తనా?"

"చదివితే అయితవు. ఎందుకట్ల అడుగుతున్నవు?"

"పాస్ గావాలె మేడం. మా నాయిన గోళీలు మింగుతలేడు."

"ఏం గోళీలు?"

"షుగర్‌వి. మింగితె షుగర్ తగ్గుతదట. తగ్గితె అన్‌ఫిట్ ఇయ్యరట." టేబులు అంచు గోటితో గీకుతూ అన్నాడు. "నాయిన బాగుంటె నాకు కొలువు రాదు, నాయిన కరాబయితె అత్తది. దేవునికి మొక్కుదామంటె ఏమని మొక్కాల్నో సమజైతలేదు మేడం."

నాకు నోరు పెద్దదని ఊరంతటికీ తెలుసు. ఆ రోజు దాంతో అడిగిందల్లా, ఈ వారం మీ నాయినది ఏ షిఫ్టని.

ఆ వారం కొమురయ్యది రాత్రి షిఫ్టు. నిద్ర లేచే వేళ చూసుకుని సాయంత్రం వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి పాదానికి గుడ్డ చుట్టి ఉంది. భార్య రాజవ్వ చాయ పెట్టింది.

"గోళీలు బంద్ వెట్టినవట?"

కొడుకు వైపు కొరకొరా చూశాడు.

"వానిదిక్కు చూడకు. నాదిక్కు చూసి చెప్పు."

"పోయిన పారి బోర్డుకు వోతె, షుగర్ కంట్రోల్ల ఉన్నది, పోయి పని చేసుకో అన్నరు మేడం. మంచిగ మందులు మింగుడే నా తప్పయింది. ఇగ కంట్రోల్ల ఎందుకు పెట్టుకోవాలె?"

"కాలు పోతది. అదేంది, ఆ గుడ్డ?"

"బూటు ఒరుసుకపోయి పుండయింది. కాలు వోతె నా ఒక్కనిదే వోతది. వానికి జిందగీ పొడుగు కొలువుంటది."

"వానికి నీ కొలువు ఎందుకు? పది రాస్తున్నడు. ఐటీఐ చేస్తడు. చేతిలో పనుంటే ఎక్కడైనా బతుకుతడు."

"పాస్‌గాడని మీ పెద్దసారే అనె గద," అన్నాడు కొమురయ్య. కోపంగా కూడా అనలేదు, రేపు వాన పడుతుందట అన్నట్టు అన్నాడు. "కాయిదం మీద రాసిస్తనన్నడు. మీరు గూడ ఆడనే ఉంటిరి."

"ఎప్పటి సంది మానేసినవు?"

"ఎండకాలంల."

"ఎండకాలంల గాదు," అంది రాజవ్వ పొయ్యి దగ్గర నుంచి. "వానలు మొదలైనంక."

"నీకెరుక లేదు, ఊకో."

"నాకెరుక లేకపోతె ఎవలకెరుక? డబ్బ తీసి ఇచ్చేదాన్ని నేను. ఎండకాలం అంత మింగినవు."

"మింగినట్టు జేసిన."

మీరు గమనించారో లేదో, నేను అక్కడే గమనించాను. పెద్దసారు ఆ మాట అన్నది బడి తెరిచిన వారంలో. ఎండాకాలం అయిపోయింది, వానలు మొదలుకాలేదు. భర్త చెప్పింది ఆ రోజుకు అటు పక్క, భార్య చెప్పింది ఇటు పక్క.

ఆ డబ్బా తెప్పించి, నా కళ్ళ ముందు ఒక గోళీ మింగించి గాని లేవలేదు. కంపెనీ దవాఖానకు పోయి పుండు చూపించుకోమన్నాను. పోయాడు. ఆ తర్వాత రోజూ శ్రవణ్‌ని అడిగేదాన్ని. "మింగుతుండు మేడం, కని పుండు మాన్తలేదు," అనేవాడు.

ముప్పై ఐదు

ఇక వాణ్ణి పాసు చేయించాలి. నిదానమైన పిల్లవాడికి సిలబస్ మొత్తం తోస్తే అన్నీ సగం సగం వస్తాయి. నేను సాంఖ్యక శాస్త్రం, గ్రాఫులు, నిర్మాణాలు, సంభావ్యత పట్టుకున్నాను. వాడి చెయ్యి కదులుతుంది, బొమ్మ గీస్తే తప్పు రాదు. త్రికోణమితి వదిలేయమన్నాను. "అన్నీ నేర్పాలి మేడం, అది మన ధర్మం," అన్నాడు అప్పటిదాకా వాడికి ఏదీ నేర్పనక్కర్లేదన్న పెద్దసారు. ధర్మం గురించి ఎక్కువ మాట్లాడేవాళ్ళ టైంటేబులు ఒకసారి తీసి చూడండి, ఎన్ని పీరియడ్లు తీసుకుంటారో తెలుస్తుంది.

ఆఫ్రీన్ ఈసారి వాడికి నిజంగా నేర్పింది. దానికి టైం పట్టింది, పట్టనిచ్చింది. మమత ఎదురుగా కూర్చుని వాడు తప్పు చేసినప్పుడల్లా, "అరేయ్, నీ కోసం సమ్మె చేసి నా కాళ్ళు గుంజినయ్ రా, సక్కగ చెయ్," అని దెప్పేది.

ఫలితాలు వచ్చాయి. ఆరుగురు పాసయ్యారు. శ్రవణ్ అన్నీ పాసై లెక్కల్లో తప్పాడు. కొద్దిలోనే తప్పాడు.

పెద్దసారు నాకు ఫోను చేశాడు. "చెప్పిన్నా లేదా మేడం?"

"చెప్పిండ్రు సార్. ఎవరికి చెప్పిండ్రో, అది విన్నంక ఆయనేం చేసిండో గూడ మీకు తెలుసు."

ఫోను పెట్టేశాడు.

సప్లిమెంటరీ పరీక్షకు ఎండల్లో శ్రవణ్‌ని మా ఇంటికి పిలిపించుకున్నాను. ఒక వారం రాలేదు. వాళ్ళ నాన్నను కరీంనగర్ పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. పుండు లోపలికి పాకింది, కుడి కాలి బొటనవేలు తీసేశారు. వాడు అక్కడ వార్డు బయట కూర్చుని గ్రాఫులు గీశాడు. తిరిగి వచ్చి పరీక్ష రాశాడు. పాసయ్యాడు.

మెడికల్ బోర్డు కూడా చివరికి తీర్పు చెప్పింది. కొమురయ్య గనిలోకి దిగడానికి పనికిరాడు, పైన కూర్చుని చేసే పనికి పనికొస్తాడు. అంటే అన్‌ఫిట్ కాలేదు. ఇప్పుడు లాంపు రూములో కూర్చుని, దిగేవాళ్ళకు దీపాలు అందిస్తున్నాడు. కొడుకు ఐటీఐలో ఫిట్టరు చదువుతున్నాడు. తండ్రి కొలువు కొడుక్కి అవసరం లేదు, తండ్రి వేలు ఎవరికీ పనికి రాలేదు.

శాలువాలు

బడిని కలిపేసే ముందు ఒక వీడ్కోలు సభ పెట్టారు. పెద్దసారు మైకు పట్టుకున్నాడు. బ్లాస్టింగులు, పెచ్చులు, ఏడుగురు, నూటికి నూరు. ముందు వరసలో కొమురయ్య ప్లాస్టిక్ చెప్పుల్లో, కుడి కాలు కొంచెం ముందుకు చాపి కూర్చున్నాడు. శ్రవణ్ పక్కనే ఉన్నాడు.

"సార్," అని వెనక నుంచి మమత గొంతు వినిపించింది. "శ్రవణ్ గాడు సప్లిమెంటరీల గద పాసైంది?"

జనం నవ్వారు. "పాస్ అంటె పాసే బిడ్డ," అని ఆయన కూడా నవ్వేశాడు, శాలువా సర్దుకున్నాడు. నాకూ ఒకటి కప్పబోయారు. నాకు ఉక్కపోస్తోందని చెప్పి పక్కన పెట్టించాను. ఆ నెలలోనే స్వచ్ఛంద విరమణకు రాసిచ్చాను.

సభ అయ్యాక పెద్దసారును పక్కకు పిలిచి అడిగాను, కొమురయ్య గోళీలు ఎందుకు మానేశాడో ఎప్పుడైనా ఆలోచించారా అని. వెంటనే జవాబు చెప్పాడు. అంత వెంటనే చెప్పాడంటే, ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడన్నమాట.

"ఆయన ఎండకాలంలనే మానేసిండు మేడం. ఆయన నోటితోనే చెప్పిండు. నా మాటకు దానికి సంబంధం లేదు."

రాజవ్వను అడిగితే ఇప్పటికీ వానలు మొదలైనంక అనే అంటుంది, గొంతు ఏమాత్రం తగ్గించదు. కొమురయ్యను ఆ రోజు గేటు దగ్గర అడిగాను. నా మొహంలోకి చూసి, "పొలగాడు పాసైండు గద మేడం, ఇగ గదంత ఎందుకు?" అన్నాడు. పెద్దసారును కాపాడాలని అట్లా అంటున్నాడో, కొడుకును కాపాడాలని అంటున్నాడో నాకు అర్థం కాలేదు. ఆ ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరట. శ్రవణ్ ఒక్కసారే నన్ను అడిగాడు, వాళ్ళ నాయిన గోళీలు ఎప్పటి నుంచి మానేశాడో నాకేమైనా తెలుసా అని. తెలియదన్నాను.

కొత్తగా చేరుతున్న మీరు రేపో ఎల్లుండో ఒక తండ్రిని పిలిచి, నీ కొడుకు పాసవడు అని చెప్పబోతారు. చెప్పేముందు నాకు జవాబు తెచ్చిపెట్టండి. కొమురయ్య ఆ గోళీలు మానేసింది, నీ కొడుకు పాస్‌గాడని మేము అనకముందా, అన్న తర్వాతా?